మెహెలెన్ మ్యూజియం: ఫోటోల గోడ దగ్గరే ఆగిపోకండి

మీరు అడిగినవి మూడు. బెల్జియంలోని లూవెన్‌లో చదువుకుంటున్నారు, అరగంట రైలు దూరంలో మెహెలెన్‌లో ఉన్న కజెర్న డొస్సిన్ మ్యూజియానికి వెళ్దామనుకుంటున్నారు. అక్కడి ఆర్కైవ్ చరిత్ర విద్యార్థులు కానివాళ్లకు కూడా పనికొస్తుందా అన్నది మొదటిది. హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని ఊచకోత కోయడం) మ్యూజియానికి 'మానవ హక్కులు' అన్న తోక ఎందుకు తగిలించారు, అది అసలు విషయాన్ని పలచన చేయడం కాదా అన్నది రెండోది. వేసవిలో వస్తున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా అన్నది మూడోది.

నేను పన్నెండేళ్లుగా ఈ దేశంలోనే ఉన్నాను. పాత కాగితాలు స్కాన్ చేసి, వాటి వివరాలు పట్టికల్లోకి ఎక్కించే పని నాది. ఆ మ్యూజియంలో ఉద్యోగిని కాను. పని మీద, సొంత ఆసక్తి మీద చాలాసార్లు వెళ్లాను. రెండో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది, అందుకే ఆర్కైవ్ గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు చోటు గురించి. డొస్సిన్ అనేది 1756లో ఆస్ట్రియా రాణి మరియా థెరీసా కాలంలో కట్టిన సైనిక బారక్. మధ్యలో పెద్ద ముంగిలి, చుట్టూ నాలుగు వైపులా గదులు. మన పాత మండువా ఇంటిని ఓ యాభై రెట్లు పెంచి ఊహించుకోండి. అప్పట్లో బెల్జియాన్ని ఆక్రమించిన నాజీలు దీన్ని 1942 జులైలో యూదుల్ని పోగుచేసే శిబిరంగా మార్చారు. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఏ క్రూరమైన ఆలోచనో కాదు, రవాణా సౌకర్యం. బెల్జియంలో యూదులు ఎక్కువగా ఉన్నవి ఆంట్‌వెర్ప్, బ్రస్సెల్స్. మెహెలెన్ ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉంది. బారక్ పక్కనే రైలు పట్టాలు. మొదటి రైలు 1942 ఆగస్టు 4న బయల్దేరింది. అక్టోబరు చివరికల్లా 17 రైళ్లు వెళ్లిపోయాయి. చివరి రైలు 1944 జులై 31న. మొత్తం మీద 25 వేలమందికి పైగా యూదుల్ని, 350 మందికి పైగా రోమా, సింతీల్ని (జిప్సీలని పిలిచేవాళ్లని) ఇక్కడి నుంచి పంపారు, దాదాపు అందర్నీ పోలండ్‌లోని ఆష్విట్జ్ మృత్యు శిబిరానికే. తిరిగొచ్చింది నూటికి ఐదుగురు.

యుద్ధం తర్వాత బెల్జియం సైన్యం ఆ బారక్‌ను 1975 దాకా మామూలుగానే వాడుకుంది. తర్వాత అందులో చాలా భాగాన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చారు. అవును, ఇప్పటికీ అక్కడ జనం కాపురాలుంటున్నారు. ముంగిలిలో నిలబడి పైకి చూస్తే కిటికీలకు తెరలు, లోపల దీపాలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు అంత కోపం లేదు. ఈ దేశం ఎన్నేళ్లు మర్చిపోవాలనుకుందో ఆ తెరలు చూస్తేనే తెలుస్తుంది. అందులో ఒక మూల 1995లో చిన్న మ్యూజియం వచ్చింది. చోటు చాలక 2012లో ఎదురుగా రోడ్డుకు అవతల బాబ్ వాన్ రేత్ అనే ఆర్కిటెక్ట్ గీసిన కొత్త తెల్లటి భవనం కట్టారు. పాత మ్యూజియం చోటు స్మారకం అయింది. రెండూ చూడాలి. చాలామంది కొత్త భవనం చూసి, టైం అయిపోయిందని వచ్చేస్తారు.

కొత్త భవనంలో మూడు అంతస్తులకు మూడు పేర్లు: గుంపు, భయం, మరణం. అన్ని అంతస్తులనూ కలుపుతూ ఒక గోడ కింద నుంచి పైదాకా వెళ్తుంది, నిండా ఫోటోలు. రైళ్లలో పంపిన ఒక్కొక్కరిదీ ఒక ముఖం. ఫోటో దొరకని వాళ్ల చోట ఖాళీ నీడబొమ్మ. అందరూ ఆ గోడ ముందే ఆగిపోతారు, ఫోన్‌లో తీసుకుంటారు, కళ్లు తుడుచుకుంటారు. తప్పేం లేదు. కానీ ఆ ఫోటోలు ఎక్కడివి అని ఎవరూ అడగరు.

వాటిలో చాలా వరకు 'విదేశీయుల పోలీసు' విభాగం ఫైళ్లలోవి. అప్పటి బెల్జియంలో ఉన్న యూదుల్లో 90 శాతానికి పైగా బెల్జియం పౌరసత్వం లేనివాళ్లు. పోలండ్ నుంచి, తర్వాత జర్మనీ, ఆస్ట్రియాల నుంచి బతుకుదెరువు కోసమో, ప్రాణభయంతోనో వచ్చినవాళ్లు. దేశంలో అడుగుపెట్టిన ప్రతి విదేశీయుడికీ ఒక ఫైలు తెరిచి, ఫోటో అంటించేవాళ్లు. పెళ్లికో పండక్కో తీయించుకున్న ఫోటోలు కావు అవి, పర్మిట్ కోసం ఇచ్చినవి. మీరూ నేనూ ఇక్కడికొచ్చిన కొత్తలో కమ్యూన్ (మున్సిపాలిటీ) ఆఫీసుకు వెళ్లి ఫోటో, వేలిముద్ర ఇచ్చి కార్డు కోసం ఎదురుచూశాం కదా, ఆ ముఖంలో ఉండే టెన్షన్ మీకు తెలుసు. ఆ గోడ మీద చాలా ముఖాల్లో ఉన్నది అదే. నిఘా కోసం తెరిచిన ఫైలే ఆ మనిషికి ముఖం మిగిల్చింది. ఆ ఫైళ్లు బ్రస్సెల్స్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలోంచి ఫోటోలు వెతికి ఒక్కొక్కటీ పేరుతో జత చేయడం మ్యూజియం పరిశోధకులు ఏళ్లపాటు చేసిన పని, ఇంకా చేస్తున్న పని.

ఇక ఆర్కైవ్ సంగతి. మీలాంటి వాళ్లకు పనికొస్తుందా అంటే, కచ్చితంగా. డిగ్రీ ఎవరూ అడగరు. ఏం వెతుకుతున్నారో స్పష్టంగా ముందే మెయిల్ రాసి, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాలి. చాలా భాగం ఆన్‌లైన్‌లోనే వాళ్ల బొమ్మల బ్యాంకులో దొరుకుతుంది. అందులో ముఖ్యంగా నాలుగు రకాల కాగితాలున్నాయి. ఒకటి, 1940 అక్టోబరు 28 నాటి జర్మన్ ఆదేశంతో ఊరూరా మున్సిపాలిటీలు రాసిన యూదుల రిజిస్టర్. రెండు, 1941 నవంబరులో జర్మన్లు బలవంతంగా పెట్టించిన యూదుల సంఘం కార్డులు, ఉత్తరాలు. మూడు, రైళ్ల జాబితాలు. నాలుగు, బారక్‌లోకి తెచ్చినప్పుడు మనుషుల దగ్గర లాక్కున్న సొంత కాగితాలు: గుర్తింపు కార్డులు, కుటుంబ ఫోటోలు, ఉత్తరాలు.

వీటిలో రైళ్ల జాబితా గురించి కాస్త ఆగి చెప్పాలి. చూడటానికి చాలా మామూలు టైపు కాగితం. వరస నంబరు, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వృత్తి. వృత్తి గడిలో దర్జీ, తోళ్ల పనివాడు, వజ్రాలు సానపట్టేవాడు, ఇల్లాలు. చిన్నపిల్లల దగ్గర 'ఏమీ లేదు' అని. ఆ వరస నంబరే అట్టముక్క మీద రాసి మెడలో వేసేవాళ్లు. టైప్ చేసింది కూడా అదే శిబిరంలో ఖైదీలుగా ఉన్న యూదు అమ్మాయిలు. ఆష్విట్జ్‌లో రైలు దిగగానే ఎక్కువమందిని, ముఖ్యంగా తల్లుల్నీ పిల్లల్నీ ముసలివాళ్లనీ, నేరుగా గ్యాస్ గదులకు తీసుకెళ్లేవాళ్లు. అక్కడ వాళ్ల పేరు రాసుకునే పని కూడా పెట్టుకోలేదు. అంటే, ఆ మనిషి పేరున్న ఆఖరి కాగితం మెహెలెన్‌లో టైపు కొట్టిన ఈ వరసే. చంపడానికి రాసుకున్న జాబితా తప్ప, వాళ్లకు మరో మరణ ధ్రువీకరణ లేదు.

వెతికేటప్పుడు నేను తిన్న దెబ్బలు చెబుతాను, మీకు టైం కలిసొస్తుంది.

ఊరి పేర్లతోనే మొదలవుతుంది తంటా. మెహెలెన్ డచ్ పేరు. ఫ్రెంచ్ కాగితాల్లో అదే ఊరు మాలీన్, జర్మన్ కాగితాల్లో మెహెల్న్. ఆంట్‌వెర్ప్ ఫ్రెంచ్‌లో ఆన్‌వెర్స్. ఒక్క పేరుతో వెతికి 'ఏమీ లేదు' అని మూసేస్తే మూడింట రెండొంతులు పోగొట్టుకున్నట్టే. మనుషుల పేర్లు ఇంకా ఘోరం. పోలండ్‌లో మోషెక్‌గా పుట్టినవాడు బ్రస్సెల్స్‌కు వచ్చి మోరిస్ అవుతాడు. మన సత్యనారాయణ పాస్‌పోర్టులో ఒక రకంగా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకో రకంగా ఉంటే ఎంత తిప్పలో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి పేరుతో కాదు, పుట్టిన తేదీతో వెతకండి. పేరు మారినంతగా తేదీ మారదు.

నేను చేసిన పెద్ద పొరపాటు వేరే ఉంది. బెల్జియంలో పెళ్లయినా ఆడవాళ్ల అధికారిక కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. ఆ సంగతి తెలిసి కూడా, ఒకసారి జాబితాలో పక్కపక్కనే ఉన్న ఒక స్త్రీనీ ఇద్దరు పిల్లల్నీ ఇంటిపేర్లు వేరని 'సంబంధం లేదు' అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. నెల తర్వాత మున్సిపాలిటీ రిజిస్టర్ చూస్తే తెలిసింది, ఆమె వాళ్ల తల్లి. తండ్రి అంతకుముందు రైల్లోనే వెళ్లిపోయాడు. మన దగ్గర కోడలికి అత్తింటి ఇంటిపేరు రాస్తాం కదా, ఆ అలవాటు తలలో ఉండిపోయింది. జాబితా చూసేటప్పుడు ఇంటిపేరు వదిలేసి వరస నంబర్లు చూడండి. కలిసి వచ్చినవాళ్లు సాధారణంగా పక్కపక్క నంబర్లలో ఉంటారు.

ఇంకోటి: ఏ కాగితాన్ని ఫోటో తీసుకున్నా, దాని ఫైలు నంబరు రాసిన చీటీ పక్కన పెట్టి తీయండి. నేను ఒక ఆర్కైవ్‌లో (ఇది కాదులెండి) రోజంతా మూడొందల ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చాక చూస్తే ఏది ఏ పెట్టెలోదో తెలియలేదు. మళ్లీ రెండు రోజులు సెలవు పెట్టాల్సొచ్చింది.

మెహెలెన్‌లో దొరకని దాన్ని జర్మనీలోని ఆరోల్సన్ ఆర్కైవ్స్‌లో వెతకండి. మూడు కోట్ల పత్రాలు, కోటీ డెబ్బై అయిదు లక్షల మంది పేర్లు ఉన్నాయి, ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని చూడొచ్చు. జెరూసలేంలోని యాద్ వషేమ్ పేర్ల డేటాబేస్ కూడా ఉచితమే. బంధువులు, ఇరుగుపొరుగు నింపిన సాక్ష్య పత్రాలు అందులో ఉంటాయి. అయితే అవి జ్ఞాపకం మీద రాసినవి, తేదీలు సరిచూసుకోవాలి. టైపు అక్షరాలైతే జర్మన్ రాకపోయినా ఫోన్‌లో అనువాదం చేసుకోవచ్చు. చేతిరాత దగ్గర మాత్రం ఫోన్ చేతులెత్తేస్తుంది, సిగ్గుపడకుండా అక్కడి సిబ్బందినే అడగండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మూడేళ్ల కిందట మా మామగారిని అక్కడికి తీసుకెళ్లాను. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, జీవితమంతా అడంగళ్లు, పహాణీలు రాసిన మనిషి. ఫోటోల గోడ ముందు ఆయన పెద్దగా ఆగలేదు. ఒక జాబితా నకలు ముందు మాత్రం కళ్లజోడు సర్దుకుని పది నిమిషాలు నిలబడ్డారు. "కొట్టివేత ఒక్కటి లేదు. బాగా రాశారు" అన్నారు. కాసేపాగి, "దీని కింద సంతకం ఎవరిదోయ్?" అని అడిగారు.

మ్యూజియంలో మానవ హక్కుల భాగం అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జర్మన్లు బెల్జియంలో ఉన్నది కొద్దిమందే. రిజిస్టర్లు రాయాలన్నా, యూదులు బట్టల మీద కుట్టుకోవాల్సిన గుర్తు నక్షత్రాలు పంచాలన్నా, రోడ్లు మూసి ఇళ్లు సోదా చేయాలన్నా స్థానిక ఉద్యోగులు కావాలి. ప్రభుత్వం లండన్ వెళ్లిపోయింది, ఇక్కడ మిగిలింది శాఖల ఉన్నతాధికారులు. యూదులకు వ్యతిరేకంగా చట్టం చేయమంటే, రాజ్యాంగం ఒప్పుకోదని వాళ్లు నిరాకరించారు. మంచిదే. కానీ జర్మన్లే ఆదేశం ఇస్తే కింది ఉద్యోగులు అమలు చేయడం తప్పు కాదని ఒక దారి వదిలారు. మేం సంతకం పెట్టం, మీరు పెట్టండి, మా గుమాస్తాలు రాస్తారు అన్నట్టు. రిజిస్టర్లు అలాగే తయారయ్యాయి.

తర్వాత 1942 వేసవిలో పసుపు నక్షత్రం వచ్చింది. ఆంట్‌వెర్ప్ మున్సిపాలిటీ పంచింది. బ్రస్సెల్స్‌లోని మున్సిపాలిటీల మేయర్లు జూన్‌లో కలిసి కూర్చుని, ఇది మనిషి గౌరవానికి దెబ్బ, మేం పంచం అని ఉత్తరం రాశారు. ఆగస్టులో ఆంట్‌వెర్ప్ పోలీసులు వీధులు మూసి యూదుల్ని పట్టించే పనిలో చేయి వేశారు. ఆగస్టు 28 రాత్రయితే అరెస్టులు వాళ్లే చేశారు. బ్రస్సెల్స్‌లో మేయర్లు పోలీసుల్ని ఇవ్వలేదు. చివరికి ఆంట్‌వెర్ప్ యూదుల్లో మూడింట రెండొంతుల మంది రైలెక్కారు, బ్రస్సెల్స్‌లో మూడో వంతుకు కాస్త పైన. రెండు ఊళ్ల మధ్య యాభై కిలోమీటర్ల దూరం కూడా లేదు. ఒకే ఆక్రమణ, ఒకే ఆదేశాలు. తేడాకు వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఊరి తీరు, దాక్కునే వీలు, ప్రతిఘటన సంఘాల బలం. కానీ సంతకం పెట్టినవాడు, పెట్టనివాడు అనే తేడాను ఎవరూ తుడిచేయలేరు. ఆంట్‌వెర్ప్ మేయర్ 2007లో, అప్పటి ప్రధాని ఎలియో డి రూపో 2012లో అధికారికంగా క్షమాపణ చెప్పడానికి ఆధారం కూడా ఈ కాగితాలే.

కాబట్టి మానవ హక్కులు తోక కాదు, నా దృష్టిలో. 2014 నుంచి బెల్జియం పోలీసులకు ఇక్కడ శిక్షణ ఇస్తున్నారు. 1942లో తమ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చేశారో చూపించి, పై నుంచి వచ్చిన ఆదేశానికి ఎప్పుడు, ఎలా 'చేయను' అనొచ్చో మాట్లాడుకోమంటారు. ఇది పలచన చేయడమని నేను అనుకోను. అయితే మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. అక్కడే ఈ విషయం మీద పెద్ద గొడవ జరిగింది. 2019 చివర్లో, పాలస్తీనా విషయంలో మాట్లాడే ఒకరికి ఒక శాంతి సంస్థ ఇచ్చే అవార్డు సభను ఆ ప్రాంగణంలో జరగనివ్వలేదు. దాంతో, ఇది హోలోకాస్ట్ స్మారకమా, ఇప్పటి హక్కుల వేదికా అన్న వాదన ముదిరి, 2020 మార్చిలో సలహా మండలిలోని విద్వాంసులు పలువురు రాజీనామా చేశారు. తమవాళ్ల సమాధి లాంటి చోట ఇంకో వివాదం వద్దనే కుటుంబాల బాధ నాకు అర్థమవుతుంది. హక్కుల గురించి మాట్లాడతామని బోర్డు పెట్టి, ఇబ్బందైన హక్కుల దగ్గర ఆగిపోతే ఎలా అనే ప్రశ్నా అర్థమవుతుంది. నాకైతే రెండో పక్షం మాటే ఎక్కువ సబబనిపిస్తుంది. నాకంటే చాలా తెలిసినవాళ్లు మొదటి పక్షంలో ఉన్నారు.

కాగితాల మీద నాకు నమ్మకం ఎక్కువ కాబట్టి దానికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 1942 జులై 25న యూదు ప్రతిఘటన యువకులు బ్రస్సెల్స్‌లో యూదుల సంఘం ఆఫీసులోకి చొరబడి కార్డులు తగలబెట్టారు. జర్మన్ల దగ్గర ఇంకో ప్రతి ఉండటంతో రైళ్లు ఆగలేదు. ఆర్కైవ్‌లో పనిచేసేవాడిగా కాగితం కాలిందంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఆ రెండో ప్రతి కూడా కాలిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇది చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

ఇరవయ్యో రైలు కథ మీరు వినే ఉంటారు, క్లుప్తంగా చెప్తాను. అంతకుముందు మూడో తరగతి ప్రయాణికుల పెట్టెలు వాడేవాళ్లు, జనం దూకేస్తున్నారని దీనికి సరకుల పెట్టెలు పెట్టారు. 1943 ఏప్రిల్ 19 రాత్రి, 1,631 మందితో వెళ్తున్న ఆ రైలును ముగ్గురు కుర్రాళ్లు ఆపారు: యూరా లివ్‌షిట్స్, రోబేర్ మేస్త్రియో, జాన్ ఫ్రాంక్లమాన్. వాళ్ల దగ్గర ఉన్నది ఒక పిస్తోలు, పట్టకార్లు, ఎర్ర కాగితం చుట్టిన ఒక లాంతరు. డ్రైవర్ దాన్ని ప్రమాద సంకేతం అనుకుని బ్రేకు వేశాడు. అక్కడ బయటపడింది 17 మంది. కానీ దారి పొడవునా లోపలివాళ్లే తలుపులు, కిటికీలు ఊడదీసి దూకారు, మొత్తం 230 మందికి పైగా. 120 మంది దాకా మళ్లీ దొరకలేదు. వాళ్లలో సిమోన్ గ్రోనోవ్‌స్కీ అనే పదకొండేళ్ల పిల్లాడిని తల్లి చేతులు పట్టుకుని పెట్టె మెట్టు మీదికి దించింది. పిల్లాడు దూకాడు. తల్లి దిగలేకపోయింది. ఆయన తర్వాత లాయరయ్యాడు, జాజ్ పియానో వాయిస్తాడు. లివ్‌షిట్స్‌ను 1944 ఫిబ్రవరిలో జర్మన్లు కాల్చి చంపారు. మ్యూజియం నుంచి లూవెన్‌కు తిరిగి వెళ్లే దారిలో బోర్ట్‌మేర్‌బేక్ స్టేషన్ దగ్గర దీని స్మారకం ఉంది, ఓపికుంటే దిగండి.

రోమాల గురించి ఒక్క మాట. 1944 జనవరి 15న 351 మందితో వాళ్లకు ప్రత్యేకంగా ఒక రైలు వెళ్లింది, జాబితా మీద 'జడ్' అక్షరంతో. 'జిగోయ్‌నర్', అంటే జిప్సీ అన్న జర్మన్ మాటకు పొడి అక్షరం అది. వాళ్ల కోసం అడిగే బంధువులు తక్కువ, రాసినవాళ్లూ తక్కువ. ఏదైనా ప్రాజెక్టు చేయాలనుంటే నేనైతే అక్కడ మొదలుపెట్టమంటాను.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లండి. కానీ నాజీలు జైలు శిబిరంగా వాడిన బ్రీండాంక్ కోట, ఈ మ్యూజియం ఒకే రోజు పెట్టుకోకండి, మనసు తట్టుకోదు. మెహెలెన్ పెద్ద స్టేషన్ కాకుండా నెక్కర్‌స్పూల్‌లో దిగితే నడక తక్కువ. బుధవారం మ్యూజియానికి సెలవు, అయినా వెళ్లేముందు సైట్‌లో ఒకసారి చూసుకోండి. 'మరణం' అంతస్తులో కొన్ని ఫోటోలు చూడలేం, అమ్మగారికి ముందే చెప్పండి. ఆమె వద్దంటే ఆ అంతస్తు వదిలేసి పై డాబా మీదికి తీసుకెళ్లండి, అక్కడి నుంచి ఎదురుగా బారక్ మొత్తం కనిపిస్తుంది. స్మారకం వైపు వెళ్లినప్పుడు, యూదుల సంఘం పేరుతో ఇళ్లకు వచ్చిన పిలుపు ఉత్తరం ఒకటి అడిగి చూడండి. పనికి రమ్మని, రెండు వారాలకు సరిపడా నిల్వ ఉండే తిండి, గట్టి బూట్లు, మేజోళ్లు, దుప్పట్లు, ఒక గిన్నె, ఒక చెంచా తెచ్చుకోమని ఉంటుంది. మీరు ఇక్కడికి వచ్చేటప్పుడు ఆవకాయ సీసా, దుప్పటి, కుక్కర్ లెక్కపెట్టి సూట్‌కేసు సర్దింది మీ అమ్మగారే అయ్యుంటారు. ఆ ఉత్తరం తెలుగులో చదివి వినిపిస్తే చాలు, మిగతాది ఆమెకు మీరు వివరించక్కర్లేదు.